పని, ఇల్లు, పేరు: నేరం నుంచి మనిషి ఎలా బయటపడతాడు?

నేరాల మాట వచ్చినప్పుడు సాధారణంగా వినిపించే ప్రశ్న ఒకటే: మనిషి దొంగ ఎందుకవుతాడు? నేరశాస్త్రంలో గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధన మాత్రం దీన్ని తిరగేసి అడుగుతోంది. ఒకప్పుడు దొంగతనాలు చేసిన మనిషి వాటిని ఎందుకు మానేస్తాడు? ఈ రెండో ప్రశ్నకే ఎక్కువ విలువ ఉందనడానికి కారణం సులభం. నేరం చేసినవారిలో ఎక్కువమంది ఏదో ఒక వయసులో మానేస్తారు.

ఈ సంగతిని మొదట అంకెల్లో పట్టుకున్నవాడు బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే. ఫ్రాన్సు కోర్టుల లెక్కలు పరిశీలించి, నేరప్రవృత్తి పాతికేళ్ల ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత క్రమంగా దిగుతుందని ఆయన 1831లో చూపించాడు. శిఖరం ఏ వయసులో వస్తుందన్నది దేశాన్ని బట్టి, నేరాన్ని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది గాని, రేఖ ఆకారం మాత్రం దాదాపు అన్ని సమాజాల్లోనూ అదే. పదిహేను దాటాక ఎక్కుతుంది, ముప్పై దాటాక దిగుతుంది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు పుట్టిన నాటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. ఆ అధ్యయనంలో పాల్గొన్న మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మోఫిట్ 1993లో ఒక విభజన ప్రతిపాదించారు. చిన్నతనం నుంచే మొదలై చాలాకాలం నేరంలో ఉండిపోయేవారు కొద్దిమంది. కౌమారంలో దారి తప్పి, పెద్దయ్యాక తిరిగొచ్చేవారు చాలామంది. అయితే వయసు తనంతట తానే మనిషిని మార్చదు. వయసుతోపాటు ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. వీటిలో అసలు పనిచేసేది ఏది?

నేలమాళిగలో దొరికిన పెట్టెలు

ఈ ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఉదహరించే సమాచారం అనుకోకుండా దొరికింది. అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ దంపతులు 1940 ప్రాంతంలో ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. బాలనేరస్థుల సంస్కరణ పాఠశాలల్లో ఉన్న 500 మంది అబ్బాయిలను, ఏ నేరమూ చేయని మరో 500 మందిని తీసుకున్నారు. వయసు, జాతి మూలం, తెలివితేటల పరీక్షలో మార్కులు, పెరిగిన వాడ, ఈ నాలుగింటిలో ఒకరికొకరు సరిపోయేలా జతలు కట్టారు. పాతికేళ్ల వయసులోనూ, ముప్పై రెండేళ్ల వయసులోనూ మళ్లీ వెతికి కలిశారు.

ఆ కాగితాలు చాలాకాలం హార్వర్డ్ లా స్కూల్ నేలమాళిగలో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. 1980ల మధ్యలో జాన్ లాబ్ వాటిని కనుగొన్నాడు. రాబర్ట్ శాంప్సన్‌తో కలిసి ఆ సమాచారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కొత్త పద్ధతులతో విశ్లేషించాడు. వారి మొదటి పుస్తకం 1993లో వచ్చింది. తర్వాత వారు బతికున్నవారిని వెతుక్కుంటూ వెళ్లారు. అప్పటికి డెబ్బై ఏళ్లకు చేరువైన 52 మందితో స్వయంగా మాట్లాడి, 2003లో రెండో పుస్తకం ప్రచురించారు.

వారికి కనిపించింది ఇది. ఒకే రకమైన పేదరికంలో, ఒకే రకమైన సంస్కరణ పాఠశాలలో పెరిగిన అబ్బాయిలు పెద్దయ్యాక వేర్వేరు దారులు పట్టారు. ఆ దారులను విడదీసిన వాటిలో నిలకడైన ఉద్యోగం, భార్యతో గట్టి అనుబంధం, సైన్యంలో సేవ ముఖ్యమైనవి. ఉద్యోగం 'ఉండటం' కంటే ఉద్యోగంలో 'నిలబడటం' ముఖ్యం. పెళ్లి 'జరగటం' కంటే ఆ కాపురం ఎలా సాగిందన్నది ముఖ్యం. 2006లో ఇదే సమాచారం మీద జరిగిన మరో విశ్లేషణలో, ఒకే మనిషి వివాహబంధంలో ఉన్న కాలాన్ని, లేని కాలంతో పోల్చి చూస్తే, ఉన్న కాలంలో నేరం చేసే అవకాశం సగటున 35 శాతం దాకా తక్కువగా కనిపించింది.

ఎందుకిలా? ఇందులో మాయమంత్రాలేమీ లేవు. పొద్దున ఎనిమిదింటికి షిఫ్టుకు వెళ్లాల్సినవాడు రాత్రి రెండింటికి వీధి మూల మీద ఉండడు. ఇంట్లో ఎదురు చూసే మనిషి ఉంటే, ఎక్కడికి వెళ్లావని అడిగే నోరు ఉంటుంది. మార్క్ వార్ అనే సామాజిక శాస్త్రవేత్త 1998లో చూపించినట్టు, పెళ్లయ్యాక స్నేహితులతో గడిపే సమయం బాగా తగ్గుతుంది. నేరాల్లో ఎక్కువ భాగం జట్టుగా చేసేవే కాబట్టి, జట్టు విడిపోతే నేరమూ తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడు తెగించే ముందు ఆలోచిస్తాడు.

'పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు'

తెలుగు ఇళ్లలో ఈ మాట విననివారు ఉండరు. పైన చెప్పిన పరిశోధన దీన్ని సమర్థిస్తున్నట్టు అనిపించవచ్చు. కానీ శాస్త్రం అక్కడితో ఆగలేదు.

నార్వేలో ప్రతి పౌరుడి ఉద్యోగం, వివాహం, నేరశిక్షల వివరాలు రిజిస్టర్లలో నెలలవారీగా ఉంటాయి. టోర్బియోర్న్ స్కార్దమార్, యుక్కా సావోలైనెన్ 2014లో పదేపదే నేరాలు చేసిన 783 మంది పురుషుల రికార్డులు తీసి, ఉద్యోగంలో చేరిన నెలకు ముందు, తర్వాత ఏం జరిగిందో చూశారు. చాలామంది ఉద్యోగంలో చేరక ముందే నేరాలు మానేశారని తేలింది. నేరాలు సాగిస్తూనే ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత బాగా తగ్గించినవారు 2 శాతం లోపే. పెళ్లి విషయంలోనూ అక్కడి రికార్డుల్లో ఇలాంటిదే కనిపించింది. నేరాలు తగ్గడం పెళ్లికి ముందే మొదలైంది. అంటే కుదురుకున్నాకే పెళ్లి అయింది, కుదురుకోవాలని మనసులో నిర్ణయించుకున్నాకే ఉద్యోగం దొరికింది.

ఏది ముందు, ఏది వెనుక అన్న ఈ చిక్కుముడిని కొంత విప్పిన ప్రయోగం అమెరికాలో 1970లలో జరిగింది. జైలు నుంచి వచ్చినవారికి, మరికొందరు నిరుద్యోగులకు లాటరీ పద్ధతిలో కనీస వేతనపు పనులు ఇచ్చారు. లాటరీ కాబట్టి 'మారాలనుకున్నవాడికే పని దొరికింది' అనే వాదన ఇక్కడ చెల్లదు. క్రిస్టఫర్ ఉగెన్ 2000 సంవత్సరంలో ఆ ఫలితాలను వయసుల వారీగా విడగొట్టి చూశాడు. 27 ఏళ్లు, ఆపైన ఉన్నవారిలో పని ఇవ్వడం వల్ల మళ్లీ నేరంలోకి వెళ్లడం తగ్గింది. అంతకంటే చిన్నవారిలో పెద్దగా తేడా లేదు. అదే పని, అదే కూలి. కానీ అందుకునే మనిషి సిద్ధంగా ఉండాలి.

ఇక స్త్రీల సంగతి వేరు. పెళ్లి మగవాడిని ఇంటికి తెస్తుందంటే, అతన్ని 'దారిలో పెట్టే' భారం ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. అమెరికాలోని డెన్వర్ నగరపు పేద వాడల్లోని యువతులపై 2010లో వచ్చిన అధ్యయనంలో, వారిని తప్పుదారి నుంచి మళ్లించడంలో పెళ్లి కంటే తల్లి కావడమే ఎక్కువగా పనిచేసింది. మన దేశంలో ఇంకో చేదు నిజం ఉంది. శీతల్ శేఖరి, ఆడమ్ స్టోరీగార్డ్ 2014లో జిల్లాల వారీ వర్షపాతాన్ని, వరకట్న మరణాల లెక్కలను పోల్చారు. వర్షం సగటు కంటే ఒక ప్రామాణిక విచలనం మేరకు తగ్గిన ఏడాది, నమోదైన వరకట్న మరణాలు 7.8 శాతం పెరిగాయి. పంట పోయిన ఇంట్లో డబ్బు కోసం ఒత్తిడి ఎవరి మీదికి మళ్లుతుందో ఈ అంకె చెబుతోంది. కుటుంబం నేరాన్ని అడ్డుకునే గోడే కాదు, ఒక్కోసారి నేరం జరిగే చోటు కూడా.

ఉప్పు బస్తాల నుంచి పోలీసు రిజిస్టరు దాకా

బోస్టన్ అధ్యయనం వ్యక్తుల గురించి. ఒక సమూహం మొత్తానికి పని పోయి, ఇల్లు చెదిరి, చివరికి పేరు కూడా చెడితే ఏమవుతుంది? దీనికి ఉదాహరణ ఆంధ్ర తీరంలోనే ఉంది. బాపట్ల, చీరాల మధ్య విజయవాడ–చెన్నై రైలు మార్గంలో స్టువర్టుపురం అనే చిన్న స్టేషన్ వస్తుంది. ఆ పేరు చెప్పగానే చాలామందికి దొంగలు, సినిమాలు గుర్తొస్తాయి. అంతకు ముందున్న కథ తక్కువమందికి తెలుసు.

ఊళ్లో స్థిరపడినవారిలో ఎక్కువమంది ఎరుకలవారు. పాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవారి శాఖల పేర్లే వారి పనులు చెప్పేవి. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లే దబ్బ ఎరుకలు. తీరంలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, అక్కడి ధాన్యంతో మారకం చేసుకునేవారు. ఆడవాళ్లు బుట్టలల్లేవారు, ఎరుక చెప్పేవారు. బండ్లు వెళ్లలేని ఊళ్లకు ఉప్పు చేరవేసింది వీళ్లే.

ఈ వర్తకం ఎలా కూలిందో చరిత్ర పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పుస్తకంలో వివరంగా రాశారు. మద్రాసు నుంచి మొదటి రైలు 1856లో నడిచింది. తర్వాతి దశాబ్దాల్లో రైళ్లు ఉప్పును, ధాన్యాన్ని మోసుకుపోయాయి. ఉప్పు మీద ప్రభుత్వ నియంత్రణ బిగిసింది. 1876–78 నాటి ఘోర కరువు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకు, ఆకుకు, పశువుల మేతకు అడవిలోకి వెళ్లడం కష్టమైంది. ఒక తరం లోపలే తిరుగుడు వర్తకులు తిరుగుడు నిరుద్యోగులయ్యారు. ప్రభుత్వం దృష్టిలో పనిలేకుండా తిరిగేవాడు అనుమానితుడు.

జీవనాధారం పోవడానికీ నేరానికీ సంబంధం ఉందని స్వతంత్ర భారతదేశపు లెక్కలు కూడా చెబుతున్నాయి. లక్ష్మీ అయ్యర్, పెటియా టోపలోవా చేసిన అధ్యయనం, డేవిడ్ బ్లేక్స్‌లీ, రామ్ ఫిష్‌మన్ 2018లో ప్రచురించిన అధ్యయనం, రెండూ జిల్లాల వారీ పోలీసు గణాంకాలను తీసుకున్నాయి. వర్షాలు దెబ్బతిన్న ఏళ్లలో నేరాలు పెరిగాయి. రెండో అధ్యయనంలో ఆస్తి నేరాల్లో పెరుగుదల మరింత స్పష్టంగా కనిపించింది. రైతుకు ఒక ఏడాది వర్షం పోతే ఇలా ఉంటే, ఒక తరానికి తరమే వృత్తి పోయినవారి పరిస్థితి ఊహించుకోవచ్చు.

బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని ఉపాధి సమస్యగా చూడలేదు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదిన అమలై, 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. కులవృత్తుల దేశంలో దొంగతనం కూడా ఒక కులవృత్తేనన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఒక సమూహాన్ని 'నేరస్థ జాతి'గా ప్రకటిస్తే, అందులోని మనుషుల వేలిముద్రలు తీసుకోవచ్చు, కదలికలను కట్టడి చేయవచ్చు, సెటిల్‌మెంట్లలో పెట్టవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారాన్నీ ఆ చట్టం ఇచ్చింది. స్టువర్టుపురం ఇలా పుట్టిన సెటిల్‌మెంటే. 1913–14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడి, మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టుకుంది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్, కృష్ణ ఒడ్డున సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ ఇలాంటివే నడిపాయి.

ఇక్కడ పని ఇచ్చారు. మొదట వ్యవసాయం, తర్వాత చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలి. బోస్టన్ పరిశోధన చెప్పిన మొదటి మందు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ ఉద్యోగం మనిషి ఎంచుకున్నది కాదు, వదిలి వెళ్లగలిగేదీ కాదు. ఆ ఏర్పాటు ఒక కంపెనీకి చౌకగా, కదలకుండా దొరికే కూలీలను సమకూర్చిందని రాధాకృష్ణ చూపించారు. నిలకడైన ఉద్యోగం మనిషిని మార్చేది అందులో అతని పెట్టుబడి పెరుగుతూ పోతుంది కాబట్టి. హాజరీ వేయించుకుని వెళ్లే కూలిలో పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. రెండో మందైన కుటుంబాన్నయితే సంస్కరణ పేరుతోనే విడదీశారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నేరం అంటుకుంటుందని నమ్మినవారికి అది చికిత్స. అనుబంధాలే మనిషిని నేరం నుంచి బయటికి లాగుతాయని తేల్చిన నేటి పరిశోధన ప్రకారం అది సరిగ్గా వ్యతిరేక వైద్యం.

లెక్కల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆ కాలపు 'నేరస్థ జాతుల' నేరాల పట్టికలను యథాతథంగా నమ్మకూడదు. చట్టం కింద హాజరీకి రాకపోవడం నేరం, అనుమతి లేకుండా పొలిమేర దాటడం నేరం. బంధువుల పెళ్లికి చెప్పకుండా వెళ్లినవాడికీ శిక్ష పడవచ్చు. ఆ శిక్ష మళ్లీ పట్టికలోకి ఎక్కి, ఆ జాతి నేరస్వభావానికి రుజువుగా చూపబడుతుంది. కొలిచే పరికరమే కొలతను పుట్టిస్తే వచ్చే తప్పు ఇది. నిఘా ఎక్కువున్న చోట నేరం ఎక్కువగా నమోదవడం నేటి గణాంకాల్లోనూ తప్పని సమస్యే.

చట్టం పోయినా పేరు పోలేదు

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962లో వచ్చింది. కాగితం మీద ఇవి జాతికి కాక వ్యక్తికి వర్తిస్తాయి. స్టేషన్లో పాత రిజిస్టరు పక్కన కొత్త రిజిస్టరు పెట్టినప్పుడు ఆ తేడా ఎంత నిలుస్తుందన్నది వేరే సంగతి. పోలీసుల భాషలోని 'నోన్ డెప్రెడేటర్' అన్న మాటకు పొడి అక్షరాలే తెలుగులో 'కేడీ' అన్న తిట్టుగా మారాయి.

పేరు చెడితే పని దొరకదన్నది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. డెవా పేజర్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో చేసిన ప్రయోగం 2003లో వెలువడింది. చదువు, అనుభవం ఒకేలా ఉన్న యువకులను 350 ఉద్యోగాలకు దరఖాస్తు చేయించారు. తేడా ఒక్కటే, దరఖాస్తులో జైలు శిక్ష ప్రస్తావన ఉండటం, లేకపోవటం. శిక్ష లేని తెల్లవారిలో 34 శాతానికి యజమానుల నుంచి పిలుపు వస్తే, ఉన్నవారిలో 17 శాతానికే వచ్చింది. నల్లవారిలో శిక్ష లేనివారికి 14 శాతం, ఉన్నవారికి 5 శాతం. జైలుకు వెళ్లొచ్చిన తెల్లవాడి కంటే ఏ తప్పూ చేయని నల్లవాడికి తక్కువ పిలుపులు వచ్చాయి. ఊరిపేరునే నేరచరిత్రగా మోసే మనిషి నిలబడేది ఈ చివరి వరుసలోనే. ఉద్యోగం నేరాన్ని ఆపగలదు, కానీ ముద్ర ఉద్యోగాన్ని ఆపుతుంది.

స్టువర్టుపురంలో 1970లలో మొదలైన మరో ప్రయత్నం ఈ వలయాన్ని మరో వైపు నుంచి పట్టుకుంది. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు ప్రభుత్వ సహకారంతో అక్కడ పని ప్రారంభించారు. లవణం గోరా కుమారుడు, హేమలత మహాకవి జాషువా కుమార్తె. 1960లో వినోబా భావే వెంట చంబల్ లోయలో బందిపోట్ల లొంగుబాట్లను దగ్గరగా చూసిన అనుభవం లవణానిది. మనుషులను ఇళ్ల నుంచి వేరుచేసి బాగుచేయడం కాదు, వాళ్ల ఇళ్లకే వెళ్లి, భార్యాపిల్లలతో కలిసి పనిచేయడం వీరి పద్ధతి. పోలీసులతో, జైళ్లతో, ఉపాధి పథకాలతో సంబంధాలు కలపడం అందులో భాగం.

ఊరు మారింది. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళ్లారు. 2014 యూత్ ఒలింపిక్స్‌లో రజతం, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ రాగాల వెంకట రాహుల్ ఈ ఊరివాడే. ఆ పతకం వచ్చినప్పుడు కూడా కొన్ని వార్తలు ఊరి పాత పేరును తలచుకోకుండా ఉండలేకపోయాయి. 1991లో చిరంజీవి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వస్తే, 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ముప్పై రెండేళ్ల తేడాతో అదే ఊరు, అదే ముద్ర.

ఇది ఒక్క తెలుగు ఊరి సమస్య కాదు. బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో 1998 ఫిబ్రవరిలో ఖేడియా శబర్ తెగకు చెందిన బుధన్ శబర్ కస్టడీలో మరణించాడు. అదీ ఒకప్పుడు 'నేరస్థ జాతి' జాబితాలోని తెగే. రచయిత్రి మహాశ్వేతాదేవి ఆధ్వర్యంలోని శబర్ సంక్షేమ సమితి కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. కోర్టు సి.బి.ఐ. విచారణకు, అతని భార్యకు పరిహారానికి ఆదేశించింది.

అలవాటు నేరస్థుల చట్టాలను రద్దు చేయాలని ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2007లోనే భారత్‌ను కోరింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో, జైలు మాన్యువళ్లలో విముక్త జాతులను పుట్టుకతో నేరస్వభావులుగా చూసే నిబంధనలను కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని, విముక్త జాతులవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా పోలీసులు పాత మార్గదర్శకాలను పాటించాలని ఆదేశించింది. అలవాటు నేరస్థుల చట్టాలు మాత్రం ఆ తీర్పు నాటికి అనేక రాష్ట్రాల్లో అమల్లోనే ఉన్నాయి.